ఎనిమిది మంది రాస్తే ఎనిమిది మందీ పాస్.. ఆ బడి గొప్పదేనా?

టెన్త్ ఫలితాలొచ్చిన మర్నాడు కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లోనో, కడప ఏడురోడ్ల కూడలిలోనో కాసేపు నిలబడి చూడండి. ఎటు తిరిగినా ఫ్లెక్సీలే. వాటిల్లో సగానికి సగం మీద ఒకటే మాట ఉంటుంది: ‘నూటికి నూరు శాతం ఉత్తీర్ణత’. ఎంతమంది రాస్తే నూటికి నూరు వచ్చిందో మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా కనపడదు. అరవై మంది రాశారా, ఆరుగురు రాశారా? ఆ ఒక్క ప్రశ్న అడగడం నేర్చుకుంటే రేపు మీరు డీఎస్సీకి వెళ్లినా, డేటా అనలిస్ట్ ఇంటర్వ్యూకి వెళ్లినా, ఆఖరికి తమ్ముడికి కాలేజీ వెతికినా పనికొస్తుంది. అందుకే ఈ వారం ఉద్యోగాల నోటిఫికేషన్లు కాస్త పక్కనపెట్టి, మన సీమలోని చిన్న హైస్కూళ్ల గురించి మాట్లాడుకుందాం.

నాకూ ఇందులో కొంచెం స్వార్థం ఉంది. నేను చదివింది కడప జిల్లాలో ఒక చిన్న ఎయిడెడ్ హైస్కూల్లో. మా టెన్త్ బ్యాచ్‌లో ఉన్నది పదకొండు మందిమి. తొమ్మిది మందిమి పాసయ్యాం, అంటే 82 శాతం. మా తర్వాతి ఏడాది ఏడుగురు రాస్తే ఏడుగురూ గట్టెక్కారు. హెడ్మాస్టరు గారికి శాలువా కప్పారు. ఆ పై ఏడాది పది మంది రాస్తే ఆరుగురే పాసయ్యారు. అదే హెడ్మాస్టరు గారికి మెమో వచ్చింది. ఈ మూడేళ్లలో సార్లు మారలేదు, నల్లబల్ల మారలేదు, పాఠం చెప్పే తీరు అసలు మారలేదు. 82 నుంచి 100కు ఎక్కి, అక్కణ్నుంచి 60కి పడింది బడి కాదు, అంకె.

అసలు ఎయిడెడ్ అంటే?

మీలో చాలామంది ప్రైవేటులోనో, జిల్లా పరిషత్ హైస్కూల్లోనో చదివి ఉంటారు కాబట్టి ఈ మాట కొత్తగా అనిపించొచ్చు. బడి ఒక సొసైటీదో, చర్చిదో, ట్రస్టుదో. జీతాలు మాత్రం ప్రభుత్వానివి. 1854లో వుడ్స్ డిస్పాచ్ తర్వాత వచ్చిన గ్రాంట్ పద్ధతి ఇది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కర్నూలు, కడప జిల్లాల్లో మిషనరీలు, ఊరి పెద్దలు కట్టిన పాత బడులు చాలా వరకు ఇలాగే నడిచాయి. మీ తాతను అడిగితే చదివిన ఎయిడెడ్ బడి పేరు చెప్పే అవకాశం ఉంది.

అమెరికాలో ఉన్న మన బంధువులు ‘చార్టర్ స్కూల్’ అంటుంటారు, వినే ఉంటారు. 1991లో మిన్నెసోటా రాష్ట్రం చట్టం చేయడంతో అక్కడ మొదలయ్యాయి. డబ్బు ప్రభుత్వానిది, నడిపేది వేరే సంస్థ. పైకి చూస్తే మన ఎయిడెడ్‌కి పెదనాన్న కొడుకులా ఉంటుంది. కాకపోతే ఒక పెద్ద తేడా ఉంది. చార్టర్ అంటే ఒప్పందం. ఇన్నేళ్లలో ఇంత ఫలితం చూపిస్తామని రాసివ్వాలి, చూపించకపోతే బడి మూసేసుకోవాలి. మన ఎయిడెడ్‌లో అలాంటి రాతకోతలేవీ లేవు. మన దగ్గర బడి మూతపడేది ఫలితం తగ్గి కాదు, సార్లు రిటైరై. ఖాళీ అయిన పోస్టును ఏళ్ల తరబడి నింపరు. లెక్కల సారు వెళ్లిపోతే సైన్సు సారే లెక్కలు చెబుతాడు. రెండేళ్లకు ఆయనా వెళ్లిపోతాడు. అది చూసి తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకెళ్లి పసుపు రంగు బస్సెక్కిస్తారు. పిల్లలు లేరు కాబట్టి పోస్టు ఎందుకని ప్రభుత్వం అంటుంది. పోస్టు లేదు కాబట్టి పిల్లలు రారని యాజమాన్యం అంటుంది. ఇద్దరూ చెప్పేది నిజమే!

2021లో రాష్ట్ర ప్రభుత్వం ఈ ముడిని ఒక్క దెబ్బతో తెంచాలని చూసింది. ఆస్తులతో సహా సంస్థను అప్పగించండి, లేదంటే మా జీతం తీసుకునే సిబ్బందిని మాకిచ్చేసి మీ బడిని ప్రైవేటుగా నడుపుకోండి అంది. ఆ నవంబరులో అనంతపురంలో విద్యార్థులు రోడ్డెక్కారు. ఫీజులు పెరుగుతాయన్నది వాళ్ల భయం. ఆ తర్వాత యాజమాన్యాలకు వెనక్కి తగ్గే వెసులుబాటు ఇచ్చారు. కానీ అప్పటికే చాలాచోట్ల సార్లు ప్రభుత్వ బడులకు వెళ్లిపోయారు. మిగిలిన కొన్ని ఎయిడెడ్ బడుల్లో పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు.

సున్నా ఎక్కడ వస్తోంది?

ఇప్పుడు కాస్త అంకెల్లోకి వెళ్దాం. రాష్ట్రంలో టెన్త్ ఉత్తీర్ణత 2022లో 67.26 శాతం, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. నూటికి నూరు శాతం సాధించిన బడులు ఆ నాలుగేళ్లలో వరసగా 797, 933, 2,803, 1,680. ఒక్కరూ పాసవ్వని బడులు 71, 38, 17, 19.

2023 నాటి ఆ 38 బడుల్లో 23 ప్రైవేటువి, 15 ఎయిడెడ్‌వి. ప్రభుత్వ బడి ఒక్కటీ లేదు. 2024లో 17 సున్నా బడుల్లో 15 ప్రైవేటువే, ఒకటి ఎయిడెడ్, ఒకటి ప్రభుత్వానిది. ‘ప్రభుత్వ బడిలో చదువు చెప్పరు, ప్రైవేటైతే గ్యారంటీ’ అనే మాట ఇంట్లో ఎన్నిసార్లు విని ఉంటారు? మరి సున్నాలన్నీ ఇటువైపే ఎందుకు పోగయ్యాయి?

దీనికి రెండు కారణాలున్నాయి, వాటిని విడదీసి చూడాలి. ఒకటి నిజంగానే చదువు సరిగా లేకపోవడం. దాన్ని నేను కాదనను. రెండోది బడి సైజు. వంద మంది రాసే జిల్లా పరిషత్ హైస్కూల్లో వందకి వంద మందీ ఫెయిలవడం దాదాపు అసాధ్యం. ఎంత చెడ్డ బడైనా ఇద్దరో ముగ్గురో సొంతంగా చదువుకునే పిల్లలుంటారు. ముగ్గురు రాసే బడిలో ముగ్గురూ ఫెయిలవడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. ఒకడికి జ్వరం, ఒకడు కూలికెళ్లాడు, ఇంకొకడు లెక్కల్లో నాలుగు మార్కులు తక్కువ తెచ్చుకున్నాడు. అంతే, పేపర్లో ‘జీరో రిజల్ట్’ అని పడుతుంది.

బీటెక్‌లో ప్రాబబిలిటీ చదివారు కదా, దాన్ని ఇక్కడ వాడి చూడండి. ఒక బడిలో ఏ పిల్లవాడైనా పాసయ్యే అవకాశం 80 శాతం అనుకుందాం. ఎనిమిది మంది రాస్తే ఎనిమిది మందీ పాసయ్యే అవకాశం 0.8ని ఎనిమిదిసార్లు గుణిస్తే వస్తుంది. దాదాపు 17 శాతం. అంటే ఏ ప్రత్యేకతా లేని మామూలు బడి కూడా ఆరేళ్లకోసారి ‘100 శాతం’ ఫ్లెక్సీ కట్టుకోవచ్చు. అదే 80 మంది రాసే బడిలో, అదే చదువుతో, 80 మందీ పాసవ్వాలంటే అవకాశం కోటిలో ఒక వంతు కూడా ఉండదు. ఇంకోలా చెప్పాలంటే, ఎనిమిది మంది బడిలో ఉత్తీర్ణత శాతం ఏ కారణం లేకుండానే 14 పాయింట్లు అటూ ఇటూ ఊగుతుంది. 80 మంది బడిలో నాలుగున్నర పాయింట్లే ఊగుతుంది. 800 మంది ఉంటే ఒకటిన్నర లోపే.

పిల్లలు ఒకరికొకరు సంబంధం లేకుండా పరీక్ష రాస్తారని పెట్టుకున్న లెక్క ఇది. నిజానికి చిన్న బడిలో అందరికీ ఒక్కడే లెక్కల సారు. ఆయన మంచాన పడితే అందరూ ఒక్కసారే మునుగుతారు. ఆరు సబ్జెక్టుల్లో ఒక్కటి పోయినా ఫెయిలే కాబట్టి, ఒక్క పోస్టు ఖాళీ మొత్తం ఫలితాన్ని లాగేస్తుంది. కాబట్టి అసలు ఊపు నేను చెప్పిన దానికంటే ఎక్కువే ఉంటుంది.

ఇది మన దగ్గర మాత్రమే జరిగే మాయ అనుకోకండి. అమెరికాలో పెద్దపెద్దవాళ్లే దీనికి బోల్తాపడ్డారు. మంచి ఫలితాలున్న బడుల జాబితాలో చిన్న బడులు ఎక్కువ కనిపించడంతో, పెద్ద హైస్కూళ్లను ముక్కలు చేసి చిన్నవి పెట్టాలనే ఊపు వచ్చింది. గేట్స్ ఫౌండేషన్ ఆ రోజుల్లో హైస్కూళ్ల మీద పెట్టిన డబ్బు 200 కోట్ల డాలర్ల దాకా ఉంది. హోవార్డ్ వైనర్ అనే గణాంక శాస్త్రవేత్త పెన్సిల్వేనియాలోని 1,662 బడుల మార్కులు తీసి చూశారు. అన్నిటికంటే పైన ఉన్న 50 బడుల్లో ఆరు, రాష్ట్రంలోని అతి చిన్న 50 బడుల్లోవే. సైజుకి, చదువుకి సంబంధమే లేకపోతే ఒకటో రెండో ఉండాలి. ఆహా, చిన్న బడే మేలన్నమాట! కానీ ఆయన జాబితాను కింద నుంచి కూడా చూశారు. అట్టడుగున ఉన్న 50లో అతి చిన్నవి తొమ్మిది. పైకి చూసినవాళ్లెవరూ కిందికి చూడలేదు. 2009లో బిల్ గేట్స్ తన వార్షిక లేఖలో, తాము డబ్బు పెట్టిన చిన్న బడుల్లో చాలావాటిలో చదువు చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదని ఒప్పుకున్నారు.

అక్కడి రాష్ట్రాలు ఇంకో పని కూడా చేస్తాయి. ఒక బడిలోనో, ఒక వర్గంలోనో పిల్లల సంఖ్య మరీ తక్కువైతే శాతాన్ని ప్రకటించరు. ఆ గడిలో చుక్క పెట్టి వదిలేస్తారు. అంకెకి అర్థం ఉండదన్నది ఒక కారణం, ఫెయిలైన పిల్ల ఎవరో ఊరంతా గుర్తుపట్టేస్తుందన్నది రెండోది. మన దగ్గర ఐదుగురు రాసి ఐదుగురూ తప్పితే ఆ బడి పేరు ముందే పేపర్లో వస్తుంది. ఆ ఐదుగురి ఇళ్లేవో పల్లెలో అందరికీ తెలుసు. ఈ విషయంలో వాళ్ల పద్ధతి నాకు నచ్చింది.

సుగ్గికి పోయిన పేర్లు

ఇప్పటిదాకా చదివి, ‘అంతా అదృష్టమే అయితే ఇక బడిని ఏమీ అనకూడదా?’ అని అడగొచ్చు. అడగాలి కూడా. ఎందుకంటే చిన్న బడి అంకెను పట్టించుకోకూడదు గానీ, ఇంత పెద్ద జిల్లా అంకెను కొట్టిపారేయలేం. 2023లో రాష్ట్రంలో ఆఖరి స్థానం నంద్యాలది, 60.39 శాతం. 2024లో ఆఖరు కర్నూలు, 62.47 శాతం. ఆ ఏడాది రాష్ట్రం సగటు 86 దాటింది. 2022 ఏప్రిల్ 4 దాకా ఈ రెండూ ఒకటే జిల్లా. వేల మంది పిల్లలు రాసినచోట 24 పాయింట్ల తేడా అంటే అది గాలివాటం కాదు. (పాత కర్నూలు అంకెలను కొత్త కర్నూలుతో నేరుగా పోల్చకండి. పేరొకటే, హద్దులు వేరు. కడప కూడా అంతే, 2022లో రాజంపేట, రాయచోటి వైపు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి.)

మరి కారణమేంటి? ఆదోని, కోసిగి, కౌతాళం, మంత్రాలయం, ఆస్పరి వైపు తెలిసినవాళ్లుంటే అడగండి. దసరా దాటాక ఊళ్లు ఖాళీ అవుతాయి. సుగ్గికి పోవడం అంటారు. గుంటూరు వైపు మిరపకోతకి, పత్తి తీతకి, ఇంకొందరు తెలంగాణకి. ముసలివాళ్లని ఇంటికి కాపలా పెట్టి, పిల్లల్ని వెంటబెట్టుకుని లారీలెక్కుతారు. పెద్దపిల్ల చంటివాణ్ని చూసుకుంటుంది, లేదంటే తనూ ఒక వరస కాయలు కోస్తుంది. బడి రిజిస్టరులో పేరుంటుంది, పిల్ల మిరప చేలో ఉంటుంది. తిరిగొచ్చేసరికి మార్చి. టెన్త్ పరీక్షలూ మార్చిలోనే. సిలబస్‌లో బరువైన పాఠాలన్నీ వాళ్లు లేనప్పుడే అయిపోయుంటాయి.

2011 జనగణనలో కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గరే ఆగింది. కడప 67 దాటింది. ఆ తేడాలో ఎక్కువ భాగం జిల్లా పడమటి మండలాలదే. అమ్మానాన్నలు చదువుకోని ఇంట్లో మొదటిసారి టెన్త్ రాసే పిల్ల, నాలుగు నెలలు బడికి దూరమైన పిల్ల, కన్నడం సరిహద్దు ఊళ్లో ఇంట్లో ఒక భాష బడిలో ఇంకో భాష మాట్లాడే పిల్ల.. వీళ్లందరూ ఒకే తరగతి గదిలో ఉన్న బడిని, కర్నూలు టౌన్లో ఏరి ఏరి చేర్చుకునే బడి పక్కన నిలబెట్టి శాతాలు పోల్చడం నాకు ఎప్పుడూ న్యాయంగా అనిపించలేదు. ఎవరు చేరారో చెప్పకుండా ఎంతమంది పాసయ్యారో చెబితే అది సగం సమాచారమే.

అలాగని పేదరికం మీదికి నెట్టేసి చేతులు దులుపుకుందామా? కుదరదు. పార్వతీపురం మన్యం జిల్లా 2023, 2024, 2025 మూడేళ్లూ రాష్ట్రంలో మొదటి స్థానంలో ఉంది: 87.47, 96.37, 93.90. అదేమీ డబ్బున్న జిల్లా కాదు. గిరిజన ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు ఎక్కువ కాబట్టి పిల్లలు బడిలోనే ఉంటారు, అందుకే అనుకోవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నా. కానీ 2025లో ఆఖరి స్థానం అల్లూరి సీతారామరాజు జిల్లాది, 47.64 శాతం. అక్కడా గిరిజన ఆశ్రమ బడులే ఎక్కువ. కాబట్టి హాస్టల్ ఒక్కటే మంత్రం కాదు. పిల్లవాడు బడిలో ఉండాలి, చెప్పే సారూ ఉండాలి, రెండూ ఒకేసారి జరగాలి. కర్నూలు పడమట సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు, అమ్మానాన్నలు వలస వెళ్లినా పిల్లలు ఊళ్లోనే ఉండేలా. ఆలోచన సరైనదే. అవి సుగ్గి మొదలవ్వకముందే తెరుచుకుంటే ఫలితం. లారీ కదిలాక తెరిస్తే ఖాళీ గదులే.

బడి ఎందుకు చిన్నదవుతోంది?

ఒక కారణం మీ ఇంట్లోనే ఉంది. మీ నాన్నకి ఎంతమంది అన్నదమ్ములు? మీకెంతమంది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటు పిల్లలు 1.7 మంది. జనాభా నిలకడగా ఉండాలంటే కావాల్సిన 2.1 కంటే బాగా తక్కువ. పుట్టే పిల్లలే తగ్గుతుంటే ఊరి బడి నిండదు. దానికి తోడు ప్రైవేటు బస్సు ఊరి చివరిదాకా వస్తోంది. చురుకైన పిల్లల్ని మోడల్ స్కూళ్లు, గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు తీసుకుంటాయి. మిగిలినవాళ్లే ఊరి హైస్కూలు.

దేశం మొత్తం మీద చూస్తే, యూడైస్ ప్లస్ 2024-25 నివేదికలో ఒక్క టీచరే ఉన్న బడులు లక్షా నాలుగు వేలు దాటాయి. ఆ జాబితాలో మొదటి రాష్ట్రం మనదే, 12,912. ఒక్క విద్యార్థి కూడా లేని బడులు దేశంలో దాదాపు ఎనిమిది వేలు. ఏకోపాధ్యాయ బడులు ఎక్కువగా ప్రాథమిక స్థాయివే. 2022లో జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గర్లోని హైస్కూళ్లకు పంపడంతో ఊళ్లో ఒకటి, రెండు తరగతులు, ఒక టీచరు మిగిలారు. 2025లో ఆ జీవోను పక్కనపెట్టి, తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్లతో సహా బడులను తొమ్మిది రకాలుగా మళ్లీ సర్దారు.

ప్రాథమిక బడి చిన్నదైనా బతుకుతుంది. దానికి రుజువు కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు, మదనపల్లె పక్కన రిషి వ్యాలీ ఉంది. అక్కడి గ్రామీణ విభాగంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల చిన్న పల్లె బడుల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. ఒకే గదిలో రకరకాల వయసుల పిల్లలు కార్డుల సాయంతో ఎవరి వేగంలో వాళ్లు నిచ్చెన ఎక్కుతారు. కర్ణాటకలో ‘నలికలి’, తమిళనాడులో కృత్యాధార బోధన అని పెద్దయెత్తున అమలైనవాటికి మూలం ఇక్కడిదే.

హైస్కూలు అలా కాదు. అందులో నలభై మందే ఉన్నా తెలుగు, హిందీ, ఇంగ్లిష్, లెక్కలు, భౌతిక శాస్త్రం, జీవశాస్త్రం, సోషల్ అని ఏడుగురు సార్లు కావాలి. కాగితం మీద ఆరుగురు పిల్లలకో టీచరు, ఎంత విలాసం అనిపిస్తుంది. 280 మంది ఉన్న బడికీ ఆ ఏడుగురే మొదటి అవసరం కాబట్టి, చిన్న బడిలో ఒక్కో పిల్ల మీద జీతం ఖర్చు ఏడు రెట్లు. ఆర్థిక శాఖ చూసేది ఈ అంకెనే. ఊరు చూసేది మాత్రం వేరు. ఆ బడి మూస్తే ఆడపిల్ల రోజూ ఆరు కిలోమీటర్లు ఆటోలో వెళ్లాలి. ఆటో లేని రోజు ఇంట్లో ఉంటుంది. అలా కొన్నాళ్లు ఉంటే, పెళ్లి సంబంధం చూస్తారు. నన్నడిగితే, హైస్కూలు మూసేముందు ఆ పిల్లలకి బస్సో, హాస్టల్ సీటో చేతిలో పెట్టాకే మూయాలి. కలిపేస్తాం, తర్వాత చూస్తాం అంటే ‘తర్వాత’ ఎప్పుడూ రాదు.

ఇక మీ సంగతి

బీఈడీ చేసినవాళ్లకి ఇది నేరుగా సంబంధించిన విషయం. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులిచ్చారు. అందులో స్కూల్ అసిస్టెంట్లు 7,725, ఎస్జీటీలు 6,371. జిల్లాల్లో అన్నిటికంటే ఎక్కువ ఉమ్మడి కర్నూలుకే, 2,645. ఉమ్మడి కడపకి 705. ఆఖరున ఫలితాల్లో ఆఖరున ఉన్న జిల్లాకే ఖాళీలూ ఎక్కువ ఉన్నాయంటే ఆ రెండిటికీ సంబంధం లేదని నేననుకోను. మొత్తం మీద 15,941 మంది ఎంపికయ్యారు. తర్వాతి నోటిఫికేషన్‌కి చదువుతున్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, మీకు వచ్చే బడి పెద్ద టౌన్లో ఉండకపోవచ్చు. పిల్లలు తగ్గితే పోస్టు మిగులు కింద తేలి మీరు వేరే బడికి కదలాల్సి రావొచ్చు. కాబట్టి బడి ఎంచుకునే అవకాశం వచ్చినప్పుడు నిరుటి ఉత్తీర్ణత శాతం చూడకండి, ఆరో తరగతిలో ఎంతమంది చేరారో చూడండి. నాలుగేళ్ల తర్వాత టెన్త్ రాసేది వాళ్లే.

ఇది చూడటానికి ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. దేశంలో ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. ‘నో యువర్ స్కూల్’ పోర్టల్లో కోడో, బడి పేరో కొడితే రిపోర్టు కార్డు వస్తుంది. తరగతివారీగా పిల్లలు, టీచర్లు, గదులు, మరుగుదొడ్లు అన్నీ ఉంటాయి. మూడు నాలుగేళ్లవి పక్కపక్కన పెట్టుకుంటే బడి పెరుగుతోందో తరుగుతోందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

టెక్ వైపు వెళ్లేవాళ్లకి ఇదే లెక్క ఇంటర్వ్యూలో ఇంకో రూపంలో ఎదురవుతుంది. ‘ఒక బడిలో 8కి 8 పాస్, ఇంకో బడిలో 200కి 180 పాస్, ఏది మంచిది?’ తడబడకుండా మొదటిదే అన్నారో, అయిపోయారు. లాప్లాస్ చెప్పిన పాత చిట్కా ఒకటుంది. పాసైనవాళ్లకి ఒకటి, మొత్తానికి రెండు కలిపి భాగించండి. మొదటి బడికి పదిలో తొమ్మిది, అంటే 90 శాతం. రెండో బడికి 202లో 181, అంటే 89.6. రెండూ దాదాపు ఒకటే! మూడు మంది రాసి ముగ్గురూ తప్పిన బడికి సున్నా బదులు 20 శాతం వస్తుంది. ఎంత తక్కువ మంది ఉంటే లెక్క అంతగా మధ్యకి జరుగుతుంది. ఆన్‌లైన్‌లో రెండు రివ్యూలతో ఐదు నక్షత్రాలున్న వస్తువుని, రెండు వేల రివ్యూలతో 4.4 ఉన్నదాన్ని ఎలా వరసపెట్టాలన్నదీ ఇదే ప్రశ్న. ఇంకా తేలికైన పద్ధతి, మూడేళ్లవి కలిపేయడం. మా బడివి కలిపితే 28 మందిలో 22 మంది, 79 శాతం. శాలువా అక్కర్లేదు, మెమో కూడా అక్కర్లేదు.

ఇంజినీరింగ్ సీటు కోసం చూసేవాళ్లు ఈ కత్తిని కాలేజీ బ్రోచర్ మీద పెట్టి చూడండి. నేను చేరేటప్పుడు మా బ్రాంచికి 91 శాతం ప్లేస్‌మెంట్స్ అని రంగుల కాగితం మీద అచ్చేశారు. చేరాక తెలిసింది. సెక్షన్లో అరవై మందిమి. బ్యాక్‌లాగ్స్ లేకుండా, శాతం దాటి, ప్లేస్‌మెంట్ సెల్‌లో పేరు రాయించుకోగలిగినవాళ్లు ఇరవై రెండు మంది. వాళ్లలో ఇరవై మందికి ఆఫర్లొచ్చాయి. ఇరవైని ఇరవై రెండుతో భాగిస్తే 91. అరవైతో భాగిస్తే 33. అబద్ధం ఎవరూ చెప్పలేదు, కింద ఉన్న అంకె ఒక్కటే దాచారు. కాబట్టి అడ్మిషన్ కౌంటర్ దగ్గర ‘ఎంత శాతం సార్?’ అనకుండా ‘ఎంతమందిలో ఎంతమందికి సార్?’ అని అడగండి. జవాబు చెప్పేముందు ఆయన పక్కవాళ్ల మొహం చూస్తే, మీకు కావాల్సిన జవాబు వచ్చేసినట్టే.

ఈ వ్యాసం రాసేముందు మా పాత బడి రిపోర్టు కార్డు కూడా తెరిచి చూశాను. పదో తరగతికి ఎదురుగా ఆరు అని ఉంది. తొమ్మిదికి నాలుగు. ఆరో తరగతికి ఎదురుగా సున్నా.